లుంగీ ముడి పడేచోట

నేను పరుపులు కుట్టేవాణ్ణి. నరసరావుపేటలో మా కొట్టుకి బోర్డు లేదు. "దూది సైదులు ఎక్కడ?" అని అడిగితే ఆటోవాళ్ళు తెచ్చి దించుతారు. మాది దూదేకుల కుటుంబం. మా తాత వింటితో దూది ఏకాడు, మా నాయన ఏకాడు, నేనూ మా తమ్ముడు ఖాసిమూ మిషను మీద ఏకుతున్నాం. ముప్పై ఏళ్ళలో ఎన్ని పరుపులు కుట్టానో చెప్పలేను గానీ, ఊళ్ళో సగం మంది నేను కుట్టిన వాటి మీదే నిద్రపోతున్నారని కొంచెం గర్వంగా చెప్పుకునేవాణ్ణి.

అలాంటి నేను ఎనిమిది నెలలు పరుపెక్కలేదు. కుట్టడానికీ ఎక్కలేదు, పడుకోవడానికైతే ఆ తర్వాత ఇంకో రెండు నెలలు కూడా ఎక్కలేదు. వంటింటి గడప పక్కన చాప వేసుకుని, దాని మీద ప్లాస్టిక్ పట్టా పరుచుకుని పడుకున్నాను. జబ్బుని డాక్టర్లు కోసి తీసేశారు. నన్ను ఆ చాప మీద నుంచి లేపడం మాత్రం వాళ్ళ చేతిలో లేకపోయింది. పొట్ట మీద సంచితో కొత్తగా ఇంటికొచ్చి, నాలాగే ఓ మూల చాప వేసుకున్నవాళ్ళు ఎక్కడో ఉంటారు. వాళ్ళ కోసం రాస్తున్నాను. నా చదువు పదో తరగతితో ఆగింది, తప్పులుంటే సర్దుకోండి.

మొదట రక్తం పడింది. ఒకరోజు పడి వారం పడలేదు, మళ్ళీ పడింది. పొద్దస్తమానం కూర్చుని చేసే పని కాబట్టి మొలలే అనుకున్నాను. చెప్పినవాళ్ళందరూ అదే అన్నారు. మాచర్ల దగ్గర ఒకాయన ఆకు నూరి మజ్జిగలో ఇస్తాడంటే వెళ్ళి తాగొచ్చాను. రక్తం రెండు వారాలు ఆగేసరికి ఆయన్ని దేవుడన్నాను. తర్వాత ఇంకొకాయన పిడకల పొగ పట్టించాడు. అలా ఏడాది గడిచింది. నేను చేసిన తప్పుల్లో పెద్దది ఇదే, అందుకే ముందుగా చెబుతున్నాను. రక్తం పడితే మొలలే అని మీరు తేల్చుకోకండి. తేల్చాల్సింది డాక్టరు.

చివరికి నా భార్య మీరాబీ నన్ను మా ఊరి డాక్టరు దగ్గరకు లాక్కెళ్ళింది. ఆయన గ్లవుజు తొడుక్కుని వేలితో చూశాడు. చూస్తున్నంతసేపూ మాట్లాడుతున్న మనిషి ఒక్కసారిగా ఆపేశాడు. చేయి కడుక్కుని వచ్చి, గుంటూరు వెళ్ళమని చీటీ రాశాడు. ఆయన మాటలు ఆగిపోయినప్పుడే నాకు అర్థమైంది.

అది శ్రావణమాసం. గుంటూరు ఆస్పత్రిలో రేకుల షెడ్డు కింద బెంచీలు, గోడకి ఒక ఫ్యాను. నంబరు పిలిచేదాకా అక్కడే కూర్చోవాలి. ఆ బెంచీల మీద ఎవరూ ఎవరినీ ఏ జబ్బు అని అడగరు, ఎన్నో నంబరు అని అడుగుతారు. గురజాల వైపు నుంచి వచ్చిన ఒకామె రోజూ బత్తాయిలు తెచ్చి, ఒలిచి, ఆ వరుసలో ఉన్న వాళ్ళందరికీ తలా రెండు తొనలు పెట్టేది. తన భర్త ఏమీ తినలేని స్థితిలో ఉన్నాడట. "ఆయన తినకపోయినా ఒలిచే అలవాటు పోలా అన్నా, తినండి" అంది. ఆ బత్తాయి రుచి నాకింకా గుర్తుంది.

ముందు ఐదు వారాలు కరెంటు పెట్టారు, రేడియేషన్ అంటారు దాన్ని. దసరా దాటాక ఆపరేషన్ అన్నారు. మలం పోయే దారి తీసేసి కుట్టేస్తామని, పొట్ట మీద వేరే దారి పెడతామని, దానికి సంచి అంటించుకోవాలని డాక్టరు చెప్పాడు. నేను నేల చూపులు చూస్తున్నాను. మీరాబీ అడిగింది.

"మళ్ళీ మామూలుగా అవడానికి ఎన్నాళ్ళు పడుద్ది సార్?"

"ఇక ఇదే మామూలమ్మా" అన్నాడాయన. విసుగ్గా అనలేదు, మెల్లగానే అన్నాడు.

ఆపరేషన్‌కి ముందు రోజు ఒక సిస్టరు వచ్చింది. చిన్నపిల్ల, మా అన్న కూతురి వయసు ఉంటుంది. సంచి ఎక్కడ పెట్టాలో గుర్తు పెట్టడం ఆమె పని. నన్ను నిలబెట్టింది, కూర్చోబెట్టింది, వంగమంది. పొట్ట ఎక్కడ మడత పడుతుందో చూసింది. బట్టలు బిగించుకునే చోటుకి తగలకుండా ఉండాలట.

"బెల్టు ఎక్కడ పెట్టుకుంటారు?" అని అడిగింది.

ఇక్కడ నా ప్యాంటు గురించి చెప్పాలి. నాకున్నవి రెండు ప్యాంట్లు. పెళ్ళిళ్ళకీ, కోర్టు పనికీ, పెద్దాసుపత్రికీ ఇస్త్రీ చేయించుకుని వేసుకుంటాను. లుంగీతో పెద్ద డాక్టరు ముందు నిలబడటం మర్యాద కాదని మా నాయన నేర్పాడు. నాకు బొజ్జ ఉంది కాబట్టి ప్యాంటు బొజ్జ కిందికి దిగి ఉంటుంది. ఆ చోటు చూపించాను.

"రోజూ వేసుకునేది ఇవేనా?"

"అవునమ్మా" అన్నాను.

ఎందుకు అబద్ధమాడానో నాకే తెలియదు. తెల్లబట్టలు వేసుకుని చేతిలో పెన్ను పట్టుకున్న పిల్ల ముందు లుంగీ అనడానికి నామోషీ అనిపించింది. పక్కనే ఉన్న మీరాబీ నోరు తెరిచింది. నేను కళ్ళతో ఆపాను. సిస్టరు ప్యాంటుకి బెత్తెడు పైన, బొడ్డుకి ఎడమవైపు చుక్క పెట్టింది. సరిగ్గా నేను ముప్పై ఏళ్ళుగా లుంగీ మడిచి ముడి దోపే చోటది.

ఆపరేషన్ బాగా జరిగింది. మూడో రోజు దుప్పటి తీసి మొదటిసారి చూసుకున్నాను. ఎర్రగా, తడిగా, పెదవి లోపలి రంగులో ఉంది. ముట్టుకుంటే నొప్పి లేదు. అది నాది కానట్టు అనిపించి మొహం తిప్పుకున్నాను. మీరాబీ తిప్పుకోలేదు. సిస్టరు పక్కన నిలబడి, సంచిని ఒంటికి పట్టి ఉంచే జిగురు ప్లేటు ఎలా కోయాలి, ఎలా అంటించాలి, సంచి ఎప్పుడు ఖాళీ చేయాలి అన్నీ నేర్చుకుంది. నన్నూ నేర్చుకోమంటే నిద్ర నటించాను.

కార్తీకమాసంలో ఇంటికి వచ్చాం. ఇంటికి రాగానే చేసిన మొదటి పని ప్యాంటు విప్పి లుంగీ కట్టుకోవడం. అమ్మయ్య అనుకున్నాను. సాయంత్రానికి ప్లేటు అంచు లేచిపోయింది.

ఆ తర్వాత నెలలు ఎలా గడిచాయో చెప్పాలంటే ఇప్పటికీ సిగ్గే. లుంగీ బిగుతు సరిగ్గా దారి నోటి మీద పడుతుంది. సంచిలోకి దిగాల్సింది పైనే ఆగిపోయి, ప్లేటు కిందకి చేరి పక్కనుంచి కారుతుంది. మూడు నాలుగు రోజులు ఉండాల్సిన ప్లేటు పూట కూడా నిలవలేదు. ఒకరోజు మీరాబీ లేనప్పుడు నేనే ప్లేటు కోసుకున్నాను. దాంట్లో ఇంకో తప్పు చేశాను. మా పనిలో గుడ్డ కోసేటప్పుడు కుట్టుకి కొంచెం వదిలి కోస్తాం. ఆ అలవాటు కొద్దీ రంధ్రం అరవేలు పెద్దది కోశాను. అది కారడానికి వీలుగా వదిలినట్టే అయింది. చుట్టూ చర్మం ఒరుసుకుపోయి మంట. డెట్టాలు రాస్తే తగ్గుతుందని రాశాను. ఆ పూట నేను వేసిన కేకకి పక్కింటివాళ్ళు వచ్చారు.

మంచం మీద పరుపు ఒకసారి తడిసింది, రెండోసారి తడిసింది. మీరాబీ ఉతికి ఆరేసింది. మూడోసారి తడిసినప్పుడు నేనే చాప తీసుకుని వంటింటి గడప దగ్గరకి వెళ్ళిపోయాను.

"ఏందయ్యా ఇది? కుక్కలాగా గుమ్మంలో పడుకుంటావా?" అంది.

"నీ నిద్ర చెడగొట్టడం ఎందుకే" అన్నాను.

"నా నిద్ర సంగతి నేను చూసుకుంటా. లెగు."

లేవలేదు. నాలుగు రోజులు అడిగి మానేసింది. మాకు పెళ్ళయి ఇరవై ఎనిమిదేళ్ళు. ఆమె పుట్టింటికి వెళ్ళినప్పుడు తప్ప ఎప్పుడూ విడిగా పడుకోలేదు.

మాఘమాసం పెళ్ళిళ్ళు వచ్చాయి. మాకు గిరాకీ అంతా అప్పుడే. కీమో మందు ఎక్కించుకుంటున్న రోజులు, ఒళ్ళు తూలుతున్నా కొట్టులో కూర్చుందామని వెళ్ళాను. ఎవరైనా అడిగితే ఖాసిం "అన్నకి గ్యాస్ ఆపరేషన్ అయింది" అని చెబుతున్నాడు. నేనూ కాదనలేదు. రెండో రోజు ఖాసిం నా పక్కన చేరి తల వంచుకుని చెప్పాడు.

"అన్నా, ఏమనుకోమాక. పెళ్ళిపరుపులకి వచ్చేవాళ్ళు. వాసన తగిలితే బాగోదు. సీజను అయ్యేదాకా ఇంటికాడ రెస్టు తీసుకో."

వాడు చెడ్డవాడు కాదు. నాకు మందు ఎక్కించే రోజుల్లో కొట్టు కట్టేసి నాతో గుంటూరు వచ్చినవాడు. అయినా ఆ మాట నాకు కత్తిలాగే దిగింది. కొట్టుకి వెళ్ళడం మానేశాను.

రెండుసార్లు చెకప్‌కి వెళ్ళి కారుతోందని సిస్టరుకి మొరపెట్టుకున్నాను. రెండుసార్లూ ఆమె కూర్చోబెట్టి, నిలబెట్టి, వంగోబెట్టి చూసింది. ప్లేటు కదల్లేదు. "అంతా బాగానే ఉంది కదండీ, నాకేం అర్థం కావట్లేదు" అని పేస్టు మార్చింది, వేరే రకం ప్లేటు ఇచ్చింది. అర్థం ఎలా అవుతుంది? రెండుసార్లూ నేను ఇస్త్రీ ప్యాంటు వేసుకునే వెళ్ళాను.

మూడోసారి ఎండాకాలం. ఆ రోజు మీరాబీ ఓపిక అయిపోయింది. సిస్టరు మళ్ళీ అదే చెబుతుంటే మధ్యలో అందుకుంది.

"అమ్మా, ఈయన చెప్పడు, నేను చెప్తన్నా. ఇంటికాడ ఈ ప్యాంటు ఉండదు. ఈడ నుంచి పోయినాక బీరువాలోకే పోద్ది. ఇంట్లో లుంగీ. ముడి ఇదిగో, ఈడ దోపుతాడు" అని నా సంచి మీద వేలు పెట్టి చూపించింది.

సిస్టరు ఆ వేలు వైపు చూసింది, నా ప్యాంటు చూసింది, నా మొహం చూసింది. కుర్చీలో కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. పక్క మంచం వాళ్ళకి సంగతి తెలియకపోయినా వాళ్ళూ నవ్వారు. అప్పుడు నాకూ నవ్వొచ్చింది. కార్తీకం తర్వాత నేను నవ్వడం అదే మొదటిసారి.

నవ్వు అయ్యాక చెడామడా తిట్టింది. "ఆరు నెలలు చర్మం కాల్చుకున్నారు. నాకు ముందే చెప్తే గుర్తు ఇంకోచోట పెట్టేదాన్ని. మర్యాదంట మర్యాద" అంది. నేను తల వంచుకుని ఆ తిట్లన్నీ తిన్నాను. కడుపు నిండింది.

ఇంటికొచ్చి మీరాబీ వదులుగా ఉండే నాడా పైజమాలు నాలుగు కుట్టింది. నాడా బొజ్జ కింద, ప్యాంటు నిలిచే చోటే పడేలా కుట్టింది. "ఈ వయసులో పైజమా ఏందే, పెళ్ళికొడుకు అంటారు" అన్నాను. "అననీ, మొదటి పెళ్ళిలోనే నాకు ఉతికే పని తప్పలా, ఇంకోటి అయితే ఏంది" అంది. పైజమా వేసుకున్నాక ప్లేటు నాలుగు రోజులు నిలిచింది. వారంలో చర్మం మానింది.

అప్పుడు శ్రద్ధగా పని నేర్చుకున్నాను. ఏ పనైనా చేత్తో చేసేవాడికి పట్టు దొరికితే ఎంతసేపు. పొద్దున్నే ఏమీ తినకముందు ప్లేటు మార్చుకుంటే ఆ దారి నిద్రపోతున్నట్టు నెమ్మదిగా ఉంటుంది. గోరువెచ్చటి నీళ్ళతో తుడిస్తే చాలు, సబ్బు వద్దు, డెట్టాలు జోలికి అసలు పోవద్దు. చర్మం పొడిగా ఆరాక, రంధ్రం కొలత చూసి సరిగ్గా కోసి, అంటించాక అరచేయి కాసేపు అదిమి పెట్టాలి. ఆ వేడికి పట్టుకుంటుంది. సంచి మూడోవంతు నిండగానే ఖాళీ చేయాలి. మా పల్నాడు ఎండలకి సంచుల డబ్బా కిటికీ పక్కన పెడితే జిగురు పాడవుతుంది, మట్టికుండ పక్కన చల్లటిచోట పెట్టుకోండి. ఎక్కడికి వెళ్ళినా ఇంకో సంచీ, గుడ్డా, నీళ్ళసీసా వెంట ఉండాలి. గోంగూర మానక్కర్లేదు. నేను మానలేదు.

నా పొట్ట మీది ఆ దారికి మీరాబీ "మనవడు" అని పేరు పెట్టింది. చెప్పకుండా లేస్తాడు, చెప్పకుండా పోస్తాడు, నలుగురిలో ఉన్నప్పుడే కూత పెడతాడు. ఒక శుక్రవారం మసీదులో అందరూ నిశ్శబ్దంగా ఉన్నప్పుడు మనవడు గట్టిగానే కూశాడు. నమాజు చెడిందేమో అని భయపడి, అయ్యాక ఇమాం సాబుని పక్కకి తీసుకెళ్ళి మొత్తం చెప్పాను. ఆయన విని, "నీ చేతిలో లేని దానికి నీ మీద తప్పు లేదు. ప్రతి నమాజుకీ కాళ్ళూ చేతులూ కడిగి కొత్తగా వజూ చేసుకో, వచ్చి నిలబడు. వెనక వరసలో దాక్కోవద్దు" అన్నాడు. అంతకుముందు నేను వెనక వరసలోనే నిలబడుతున్నాను. ఆయన గమనించాడన్నమాట.

ఇన్ని కుదిరినా చాప మీద నుంచి మాత్రం లేవలేదు. కారడం ఆగినా భయం ఆగలేదు. దూది ముట్టుకుంటే అంటుతుందేమో, పరుపెక్కితే తడుస్తుందేమో. నా చేతి పరుపు మీద ఎవరు పడుకుంటారులే అని కూడా అనుకునేవాణ్ణి. మీరాబీ పడుకునే గది వైపు చూసి తల తిప్పుకునేవాణ్ణి.

జ్యేష్ఠమాసంలో రత్నమ్మ గారు మా ఇంటికే వచ్చారు. బజారులో స్టీలు సామాన్ల కొట్టు వాళ్ళ పెద్దావిడ, డెబ్బై దాటిన మనిషి. వాళ్ళింటి పరుపులన్నీ నేనే కుట్టాను. మనవరాలు పురిటికి వస్తోందట.

"మీ తమ్ముడు కుట్టినియ్యి గడ్డలు కడతయ్యి సైదులూ. బాలింతకి నడుం నొప్పి పుడద్ది. నువ్వే రా" అంది.

"ఒంట్లో బాగా లేదమ్మగారూ."

"గ్యాస్ ఆపరేషన్ అంట గదా. గ్యాస్‌కి ఎనిమిది నెలలా?"

మీరాబీ లోపలి నుంచే "రేపు వస్తాడమ్మా" అని కేకేసింది. తప్పించుకునే దారి లేకుండా చేసింది.

మర్నాడు వాళ్ళ పెరట్లో నీడపట్టున కూర్చుని పాత పరుపు విప్పాను. ఇది బయటివాళ్ళకి తెలియని సంగతి. పరుపు విప్పితే ఆ ఇల్లు మొత్తం కనిపిస్తుంది. పిల్లలు తడిపిన మరకలు, జ్వరంలో పట్టిన చెమట, పురుళ్ళు, మంచాన పడ్డవాళ్ళు, అన్నీ గుడ్డ మీద ఉంటాయి. పెద్ద ఇల్లయినా చిన్న ఇల్లయినా అంతే. మేం చూస్తాం, ఎవరికీ చెప్పం, దూది ఎండలో వేసి ఏకి కొత్తగుడ్డలో నింపుతాం. ఇన్నేళ్ళలో ఎవరి మరకా నాకు రోత అనిపించలేదు. మనిషన్నాక అంతే అనుకునేవాణ్ణి. ఆ రోజు ఆ పాతగుడ్డ చేతిలో పట్టుకుని, ఊరందరికీ ఇచ్చిన ఆ మాట నాకు నేను ఎందుకు ఇచ్చుకోలేదా అని చాలాసేపు ఆలోచించాను.

ఏకిన దూది కొత్తగుడ్డలో నింపి, బెత్తంతో కొట్టి సమం చేసి, దబ్బనం పట్టుకుని పరుపెక్కాను. ఎనిమిది నెలల తర్వాత. చేతులు ఏమీ మరిచిపోలేదు. టాకా తర్వాత టాకా పడుతూ పోయింది. సంతోషంలో సమయం తెలియలేదు. సంచి నిండుతోందని మాత్రం తెలుస్తోంది. వాళ్ళ బాత్రూము అడగాలంటే నామోషీ. ఈ వరస అయ్యాక, ఈ మూల అయ్యాక అనుకుంటూ వంగి కుట్టాను. చివరి మూలలో ఉండగా పొట్ట దగ్గర వెచ్చగా తగిలింది. చూసుకుంటే ప్లేటు అంచు లేచింది. కొత్తగుడ్డ మీద రూపాయి బిళ్ళంత మరక.

పెరట్లో ఎవరూ లేరు. రత్నమ్మ గారు ముందు గదిలో ఉన్నారు. ఆ పరుపు తిరగేస్తే మరక కిందికి పోతుంది, ఎవరికీ ఎప్పటికీ తెలియదు. ఒక చేయి మూల పట్టుకుంది కూడా. ఆ పరుపు మీద పడుకోబోయేది పచ్చి బాలింత, పసిగుడ్డు. నా పనితనం గురించి నేను చెప్పుకున్న గొప్పలన్నీ ఆ నిమిషంలో గుర్తొచ్చాయి. చేయి తీసేశాను. వెంట తెచ్చుకున్న కొత్త సంచీ, ప్లేటూ తీసుకుని లేచి వెళ్ళి, బాత్రూము ఎక్కడమ్మా అని అడిగాను. కడుక్కుని, వేరే ప్లేటు వేసుకుని, చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుని వచ్చి ఆవిడ ముందు నిలబడ్డాను.

"అమ్మగారూ, నాది గ్యాస్ ఆపరేషన్ కాదు. కేన్సరు. మలం పొట్ట మీద నుంచి సంచిలోకి వస్తది. కుడతంటే మీ పరుపు మీద పడింది. గుడ్డ మారుస్తాను. మీకు వద్దంటే మొత్తం నేనే తీసుకుపోతాను."

ఆవిడ కళ్ళజోడు సర్దుకుంది. "ఏదీ, చూపించు."

మరక చూపించబోయాను. "అది గాదు. సంచి చూపించు" అంది. చొక్కా ఎత్తాను. ఇంటివాళ్ళు, ఆస్పత్రివాళ్ళు కాకుండా దాన్ని చూసిన మొదటి మనిషి ఆవిడే. దగ్గరికి వచ్చి తేరిపార చూసింది.

"ఇంతేనా? మా ఆయన పక్షవాతంతో పడుంటే రెండేళ్ళు నేనే ఎత్తిపోశా. నీకు నయం, సంచన్నా ఉంది" అంది. పెరట్లోకి నడిచి మరక చూసింది. "దూదికి అంటిందా?"

"లేదమ్మా. పైనే."

"మరి ఏడుస్తావేంది? పై గుడ్డ తీసి కొత్తది కుట్టు. పొద్దున విప్పిన గుడ్డ ఎవరిది? మాది. దాంట్లో ఎన్ని మరకలున్నాయో నీకు తెలీదా? ఇన్నేళ్ళుగా చూస్తన్నావు, ఎవరికన్నా చెప్పావా?"

"లేదమ్మా."

"నేనూ చెప్పన్లే. పో, పని చూడు."

నేను కదల్లేదు. "చెప్పినా పర్లేదమ్మగారూ" అన్నాను. ఆ మాట నా నోటి నుంచే వచ్చిందని నమ్మడానికి నాకు కాసేపు పట్టింది.

సాయంత్రందాకా కూర్చుని పై గుడ్డంతా మార్చి మళ్ళీ కుట్టాను. గంటకోసారి లేచి వాళ్ళ బాత్రూముకి వెళ్ళొచ్చాను, ఎవరినీ అడగకుండానే. పని అయ్యాక రత్నమ్మ గారు పరుపు మీద ఎక్కి పడుకుని, అటూ ఇటూ దొర్లి చూసి, "ఇదీ పరుపంటే" అంది.

అక్కణ్ణుంచి నేరుగా కొట్టుకి వెళ్ళాను. ఖాసిం చిలకలూరిపేట మిల్లు నుంచి వచ్చిన దూది దించుతున్నాడు.

"రేపటి నుంచి నేను కూర్చుంటన్నా. ఎవరన్నా అడిగితే గ్యాస్ అనమాక. ఉన్నది ఉన్నట్టు చెప్పు. నోరు తిరక్కపోతే నన్ను పిలువు, నేను చెప్తా" అన్నాను.

వాడు దూదిమూట కింద పెట్టి నా వైపు చూశాడు. "మాఘంలో నేనన్నది తప్పేనన్నా" అన్నాడు. మా ఇద్దరికీ కళ్ళు తడిశాయి. దూది దుమ్ము అని ఇద్దరం తుడుచుకున్నాం.

శ్రావణమాసం పెళ్ళిళ్ళకి కొట్టులో నేనే కూర్చున్నాను. సంగతి విని ఒకాయన లేచి వెళ్ళిపోయాడు. ఉన్నమాటే చెబుతున్నాను, అలాంటివాళ్ళు ఉంటారు. మిగతావాళ్ళంతా "ఇప్పుడు ఒంట్లో ఎట్టుంది సైదులన్నా" అని అడిగి, పరుపు ఎప్పటికి ఇస్తావన్నారు. వాళ్ళకి కావలసింది గడ్డలు కట్టని పరుపు. ఒకామె అందరూ వెళ్ళాక ఆగి, మా మామగారికీ సంచి పెట్టారు, ఆయన గది దాటి రావట్లేదు అని చెప్పింది. ఆ సాయంత్రమే వెళ్ళి ఆయనతో టీ తాగొచ్చాను.

ఇప్పుడు నెలకోసారి గుంటూరు సిస్టరు పిలుస్తుంది. ఆపరేషన్‌కి ముందు గుర్తు పెట్టించుకునేవాళ్ళతో మాట్లాడమంటుంది. నేను లుంగీతోనే వెళుతున్నాను, నాభికి బాగా పైకి, పొట్ట మొదట్లో కట్టుకుని. వాళ్ళకి చెప్పేది ఒక్కటే, మీరు ఇంట్లో ఎలా ఉంటారో డాక్టరు ముందూ అలాగే ఉండండి. ఆడవాళ్ళయితే చీర కుచ్చిళ్ళు ఎక్కడ దోపుతారో చూపించండి. మర్యాద అక్కడ చూపిస్తే ఇంటికొచ్చాక పొట్ట మీద పడుతుంది.

పెళ్ళిళ్ళ హడావిడి తగ్గాక మంచి దూది ఏరి పెట్టుకుని మాకు కొత్తపరుపు కుట్టాను. నాలుగు రోజులు పట్టింది. ఎవరి పరుపుకీ అంత దగ్గర దగ్గరగా టాకాలు వేయలేదు. దాన్ని మంచం మీద వేస్తుంటే మీరాబీ గది గుమ్మంలో చూస్తూ నిలబడింది. ప్లాస్టిక్ పట్టా తీసి దాని మీద పరుస్తుందేమో అనుకున్నాను. పట్టా మడిచి బయట పాత సామాన్లవాడికి వేసేసింది.

"తడిస్తే?" అన్నాను.

"ఉతుకుతా. నువ్వు ఏకుతావు. ఇద్దరికీ వచ్చిన పనే గదా" అంది.

శుక్రవారం మధ్యాహ్నం నమాజు నుంచి వచ్చి, గోంగూరతో అన్నం తిని, సంచి ఖాళీ చేసుకుని, పరుపెక్కాను. నడుం వాల్చగానే ఒళ్ళంతా వదులైపోయింది. కాళ్ళూ చేతులూ చాపి పడుకున్నాను. చాప మీద ఎనిమిది నెలలు, ఆ తర్వాత నా భయానికి ఇంకో రెండు నెలలు, ముడుచుకునే పడుకున్నాను కదా. మీరాబీ గిన్నెలు కడిగి, చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి మంచం పక్కన నిలబడింది. ఏడుస్తుందేమో అనుకున్నాను.

"ఏమయ్యా, మంచమంతా నువ్వే పరుచుకున్నావు. నేనెక్కడ పడుకోవాలి? జరుగు" అంది.

జరిగాను.